జెండా మోసిన చేతికి ఓటేది?

తెలుగుదేశం పార్టీ 2024 అక్టోబరులో మొదలుపెట్టిన సభ్యత్వ నమోదు కొద్ది నెలల్లోనే కోటి దాటిందని ఘనంగా ప్రకటించుకుంది. వంద రూపాయలు కట్టి సభ్యులైన వారికి 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంది. జనసేన కూడా తన క్రియాశీల సభ్యులకు ఇలాంటి బీమానే కల్పిస్తోంది. ఇంటి పెద్దదిక్కు పోయిన రోజున కార్యకర్త కుటుంబం వీధిన పడకూడదన్న ఆలోచన మెచ్చదగినదే. కానీ ఆ సభ్యత్వ కార్డు జేబులో పెట్టుకున్న మనిషికి, బతికి ఉన్నన్నాళ్లూ తన పార్టీలో దక్కుతున్న హక్కు ఏమిటి? ఊళ్లో పార్టీ కమిటీకి ఎవరు పెద్దో అతడు ఓటేసి తేల్చగలడా? మండలానికి ఎవరిని బాధ్యుడిగా పెట్టాలో చెప్పగలడా? అసెంబ్లీ టికెట్ మాట దేవుడెరుగు, ఎంపీటీసీ అభ్యర్థికి ఇచ్చే బీ-ఫారం మీద ఎవరి పేరు రాయాలో అతణ్ని అడిగేవారున్నారా? నియమావళిలో సంస్థాగత ఎన్నికలు ఉన్నాయి. జరిగేది మాత్రం ఎక్కువ చోట్ల ఇన్‌చార్జి రాసి తెచ్చిన జాబితాకు చప్పట్లు కొట్టడమే. కార్యకర్త ప్రాణానికి వెల కట్టిన పార్టీలు అతని మాటకు విలువ కట్టలేదు. ఇది ఒక్క పార్టీకి పరిమితమైన దోషం కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఓట్లడిగే ప్రతి ప్రధాన పక్షమూ ఈ బోనులో నిలబడాల్సిందే.

ఆ కార్యకర్తల బలం ఎంతటిదో 2023, 2024లో కళ్లారా చూశాం. 2019లో 23 స్థానాలకు కుంగిపోయిన తెలుగుదేశం ఇక లేవదన్నవారే నాడు ఎక్కువ. 2023 సెప్టెంబరు 9న నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసులో పార్టీ అధినేత చంద్రబాబు నాయుడిని నంద్యాలలో అరెస్టు చేసి రాజమహేంద్రవరం కేంద్ర కారాగారానికి పంపారు. ఆ కేసు మంచిచెడ్డలు న్యాయస్థానాలు తేల్చాల్సినవి. ఆ తర్వాత జరిగినది మాత్రం ప్రజా జీవితానికి సంబంధించినది. పార్టీ పిలుపు కోసం ఎదురుచూడకుండా హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులు రోడ్డెక్కారు. అమెరికా, బ్రిటన్ నగరాల్లో తెలుగువారు ప్లకార్డులు పట్టారు. అదే నెల 24న హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరానికి కార్లలో బయల్దేరినవారిని పోలీసులు రాష్ట్ర సరిహద్దులో అడ్డుకున్నారు. 30వ తేదీ రాత్రి 7 గంటలకు అయిదు నిమిషాల పాటు ఊరూరా గుమ్మాల ముందు కంచాలు, గరిటెలు మోగాయి, రోడ్ల మీద కార్ల హారన్లు మోగాయి. వాటిని ఫోన్లలో తీసి వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పంచుకున్నవారిలో ఇల్లాళ్లు, విద్యార్థులు, పింఛనుదారులు ఉన్నారు. వారిలో ఎంతోమందికి అంతకుముందు రాజకీయాలతో ప్రమేయమే లేదు. 2024 మే 13న హైదరాబాద్, బెంగళూరు బస్టాండ్లు కిక్కిరిసిపోయాయి. ఓటు కోసం విమానమెక్కి వచ్చినవారూ ఉన్నారు. రాష్ట్రంలో దాదాపు 82 శాతం పోలింగ్ నమోదైంది. తెలుగుదేశానికి 135, దానితో కూటమి కట్టి పోటీ చేసిన 21 చోట్లా గెలిచిన జనసేనకు 21 స్థానాలు వచ్చాయి.

ఒక పార్టీ మట్టి కరిచి మళ్లీ లేవడం ఎలాగో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. జనంలోంచి వచ్చిన చొరవ, దాన్ని గడపగడపకూ చేర్చిన ఫోను, పోలింగ్ బూతు దగ్గర నిలబడిన ఏజెంటు ఒక్కటైతే పార్టీకి కొత్త నెత్తురు ఎక్కుతుంది. ఆ తర్వాత ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న. 1995 నుంచి చంద్రబాబే పార్టీకి సారథి. 2025 మేలో కడపలో జరిగిన మహానాడులోనూ ఆయన ఎన్నిక ఏకగ్రీవమే. కంచాలు మోగించినవారికి, సెలవు పెట్టుకుని వచ్చి ఓటేసినవారికి, బూతు ముందు దెబ్బలు తిన్నవారికి పార్టీ లోపల అదనంగా ఒక్క ఓటూ రాలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసే ఈ నీతి అందరికీ ఒకటే.

వైఎస్సార్ కాంగ్రెస్ సంగతే చూడండి. 2017 నవంబరు నుంచి 2019 జనవరి దాకా ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురం వరకు సాగిన పాదయాత్రలో అధినేత వెంట నడిచినవారు, అన్నం పెట్టినవారు, రాత్రంతా ఫ్లెక్సీలు కట్టినవారు కలిసి ఆ పార్టీకి 151 స్థానాలు తెచ్చారు. అధికారం వచ్చిన మూడో నెలలోనే ప్రభుత్వం రెండున్నర లక్షలకు పైగా వాలంటీర్లను నియమించి ఇంటింటికీ పంపింది. పింఛను ఇప్పించడం, రేషన్ కార్డు సరిచేయించడం, ఆసుపత్రి చీటీ రాయించడం లాంటి పనులతోనే ఊళ్లో కార్యకర్తకు గౌరవం ఉండేది. ఆ పనులన్నీ గౌరవ వేతనం తీసుకునే వాలంటీరు చేతికి వెళ్లిపోయాయి. ప్రభుత్వ సేవ గడపకు చేరడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ కార్యకర్తకు ఊళ్లో ఉన్న పాత్రను తీసేసిన పార్టీ, దానికి బదులుగా పార్టీలో ఏ పాత్రా ఇవ్వలేదు. 2022 జులై ప్లీనరీలో జగన్‌మోహన్ రెడ్డిని ఏకంగా జీవితకాల అధ్యక్షుడిగా ప్రకటించుకున్నారు. శాశ్వత అధ్యక్ష పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం సెప్టెంబరులో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ ప్లీనరీకి తరలివచ్చిన వేలాది ప్రతినిధుల్లో ఒక్కరైనా లేచి ఇదేమిటని అడిగిన దాఖలా లేదు. రెండేళ్లకు ఆ పార్టీకి దక్కినవి 11 స్థానాలు.

తెలంగాణలోనూ తేడా లేదు. 2022 అక్టోబరు 5న తెలంగాణ రాష్ట్ర సమితి తన పేరులోంచి రాష్ట్రం పేరునే తొలగించి భారత్ రాష్ట్ర సమితి అయింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మెలో జీతాలు వదులుకున్నవారిని, రైలు పట్టాల మీద కూర్చున్నవారిని ఒక్క మాటైనా అడగకుండా అంతటి నిర్ణయం ఒక సమావేశంలో ఏకగ్రీవంగా ముగిసిపోయింది. కాంగ్రెస్ 2022లో మల్లికార్జున ఖర్గే, శశి థరూర్ మధ్య నిజమైన అధ్యక్ష ఎన్నిక జరిపింది. 7,897 ఓట్లు, 1,072 ఓట్లు అంటూ లెక్కలు బయటపెట్టింది. అందుకు ఆ పార్టీని అభినందించాలి. కానీ రాష్ట్రాలకు వచ్చేసరికి పీసీసీ అధ్యక్షుడు ఢిల్లీ నుంచి వచ్చే ఉత్తర్వుతోనే ఖాయమవుతున్నాడు. భారతీయ జనతా పార్టీ 2014 నవంబరులో మిస్డ్ కాల్‌తో సభ్యత్వం మొదలుపెట్టి 10 కోట్లు దాటామంది. ఆ 10 కోట్ల మందిలో తమ జాతీయ అధ్యక్షుడి కోసం బ్యాలట్ మీద ముద్ర వేసినవారు ఎందరు?

ఇక సామాజిక మాధ్యమాల సంగతి. అవి కార్యకర్తకు గొంతు ఇచ్చాయన్న మాటలో కొంత నిజం ఉంది. ఇరవై ఏళ్ల కిందట మారుమూల పల్లెలోని కార్యకర్త తన బాధ చెప్పుకోవాలంటే మండల నాయకుడి ఇంటి ముందు పడిగాపులు పడాల్సిందే. ఇప్పుడు ఒక వీడియో చాలు. అయితే పార్టీల సొంత వాట్సాప్ గ్రూపులను ఒకసారి చూడండి. రాష్ట్ర విభాగం నుంచి నియోజకవర్గానికి, అక్కణ్నుంచి మండలానికి, అక్కణ్నుంచి ఊరికి వరసగా గ్రూపులుంటాయి. తెల్లవారేసరికి ఆనాటి పోస్టర్లు, వీడియో ముక్కలు, హ్యాష్‌ట్యాగ్ వచ్చి పడతాయి. ఎన్ని గంటలకు దాన్ని ట్రెండింగ్ చేయాలో కూడా అందులోనే రాసి ఉంటుంది. పంచినట్టు రుజువుగా స్క్రీన్‌షాట్ పంపాలి. ఆ గ్రూపు అడుగున మాత్రం, అడ్మిన్లు తప్ప మరెవరూ సందేశాలు పంపలేరన్న వాక్యం కనిపిస్తుంది. ‘అన్నా, మా ఊళ్లో పార్టీ రెండు వర్గాలుగా చీలిపోయింది, ఒకసారి వచ్చి మాట్లాడండి’ అని రాయడానికి అక్కడ చోటు లేదు. రెండు వైపులా మాట్లాడుకోవడానికి పుట్టిన సాధనాన్ని మన పార్టీలు మైకుగా మార్చేశాయి. కార్యకర్త ఫోను ఆ మైకుకు తగిలించిన పెట్టె అయింది.

దీని పర్యవసానం గ్రూపులోనే ఆగిపోవడం లేదు, సమాజమంతా అనుభవిస్తోంది. పార్టీలో పైకి రావడానికి ఓటు దారి మూసుకుపోయినప్పుడు మిగిలేది నాయకుడి కంటపడటం ఒక్కటే. ప్రశాంతంగా రాసిన విమర్శ ఎవరి కంటా పడదు. ప్రత్యర్థి ఇంటి ఆడవాళ్ల మీద రాసిన బూతు మాత్రం వేలమందికి చేరుతుంది, రాసినవాడి పేరు నాయకుడి దాకా వెళ్తుంది. తమవారిని విమర్శించే హక్కు లేని యువకుడు తన విధేయతను ఎదుటివారిని తిట్టే చూపించుకుంటున్నాడు. ఈ దశాబ్దంలో తెలుగు రాజకీయ భాష పతనం గురించి బాధపడని పెద్దమనిషి లేడు. కానీ ఆ బూతులను కుర్రాళ్ల పెంపకానికో, ఫోన్లకో అంటగట్టి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్టు. వాటిని పెంచి పోషించింది పార్టీల నిర్మాణమే. తిట్టు పనికొచ్చినన్నాళ్లూ ‘మా సోషల్ మీడియా సైనికుడు’ అన్న నాయకులే, పోలీసులు గుమ్మం ఎక్కగానే ‘అతనికీ పార్టీకీ సంబంధం లేదు’ అంటున్నారు.

పోలీసులు గుమ్మం ఎక్కడం కూడా మామూలైపోయింది. వైసీపీ పాలనలో తెలుగుదేశం అభిమానుల మీద, 2024 నవంబరులో తెలుగుదేశం కూటమి పాలనలో వైసీపీ సామాజిక మాధ్యమ కార్యకర్తల మీద వరసపెట్టి కేసులు నమోదయ్యాయి. ఆన్‌లైన్ రాతలకు శిక్ష వేసే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసినా, వేరే సెక్షన్లు ఆ లోటు తీరుస్తూనే ఉన్నాయి. అసభ్యతను, బెదిరింపులను ఎవరూ సమర్థించరు, చట్టం తన పని చేయాల్సిందే. కానీ ఆ సందేశాన్ని తయారుచేసి కిందికి పంపినవారు ఎప్పుడైనా స్టేషన్ మెట్లెక్కారా? కేసు, బెయిలు ఖర్చు, పోయిన ఉద్యోగం కార్యకర్త వాటాకు, పదవి నాయకుడి వాటాకు వస్తున్నాయి.

ఇంతకన్నా దారుణమైన అవమానం ఫిరాయింపులది. 2014 తర్వాత 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వచ్చారు, వారిలో నలుగురు మంత్రులయ్యారు. తెలంగాణలో 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. 2023 తర్వాత 10 మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్‌కు దగ్గరయ్యారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న ఆ న్యాయస్థానం స్పీకర్‌ను ఆదేశించింది. చట్టం ఈ వ్యవహారాన్ని ఎమ్మెల్యేకూ స్పీకర్‌కూ మధ్య తగువుగానే చూస్తుంది. ఆ నియోజకవర్గంలోని కార్యకర్త వైపు నుంచి ఎవరూ చూడరు. ఎవరిని ఓడించడానికి అయిదేళ్లు ఊళ్లో తల పగలగొట్టించుకున్నాడో, ఎవరు తన మీద కేసు పెట్టించారో, ఆ నాయకుడికే తన పార్టీ కండువా కప్పుతుంటే అతడు టీవీలో చూడాల్సి వస్తోంది. మర్నాటి నుంచి ఆ నాయకుడినే పొగుడుతూ పోస్టులు పెట్టమని గ్రూపులో ఆదేశం వస్తుంది.

కార్యకర్త మాటకు విలువ లేకపోవడానికి మూలం డబ్బు దగ్గరుంది. ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేశాక బయటికొచ్చిన లెక్కల్లో బీఆర్‌ఎస్‌కు 1,200 కోట్లు, వైసీపీకి 330 కోట్లు, తెలుగుదేశానికి 200 కోట్ల రూపాయలకు పైగా ముట్టినట్టు తేలింది. వందల కోట్లు ఒక్క సంతకంతో వచ్చే చోట ఊరి కార్యకర్త ఇచ్చే వంద రూపాయలకు బేరమాడే శక్తి ఉండదు. అభ్యర్థుల ఎంపికకు ఐవీఆర్‌ఎస్ కాల్స్, ప్రచారానికి వ్యూహకర్తల బృందాలు, నినాదానికి ఇంకో సంస్థ వచ్చేశాయి. ఎవరి గురించి ఎందరు ఏ బటన్ నొక్కారో ఆ లెక్కను మన పార్టీలు బయటపెట్టడం లేదు. ఫలితాన్ని చూపని లెక్కింపును ప్రజాభిప్రాయం అనలేం.

ఇలా కాని రోజులు మన నేల మీదే ఉన్నాయి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ, జూన్ 30లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, కోటి మందిని సభ్యులుగా చేర్చాలని, 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. అంతకు కొద్ది నెలల ముందు నాగపూర్‌లో ఆమోదించిన నియమావళి ప్రకారం సభ్యత్వం నాలుగణాలు. వకీళ్ల, జమీందారుల వార్షిక సభలా ఉన్న కాంగ్రెస్‌ను పల్లె పార్టీగా మార్చింది ఆ నాలుగణాలే. నాలుగణాలిచ్చినవాడికి ఊరి కమిటీ నుంచి పై కమిటీ దాకా ఎన్నికల మెట్లు ఉండేవి. ఆ మెట్ల మీదుగా వచ్చిన ప్రతినిధులే 1939 జనవరిలో అధ్యక్ష ఎన్నికలో గాంధీజీ అండ ఉన్న భోగరాజు పట్టాభి సీతారామయ్యకు 1,377 ఓట్లు, సుభాష్ చంద్రబోస్‌కు 1,580 ఓట్లు వేశారు. దేశమంతా తండ్రిగా చూసిన నాయకుడు బలపరిచిన అభ్యర్థిని, అందులోనూ మన తెలుగువాణ్ని, సాధారణ ప్రతినిధులు ఓడించగలిగారు. ఆ తీర్పును కాంగ్రెస్ పెద్దలు జీర్ణించుకోలేకపోయారు, కొన్ని నెలలకే బోస్ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ మచ్చ ఆ చరిత్రలో ఉంది. అయినా ఓటు జరిగింది, లెక్క బయటికొచ్చింది.

మన కాలంలో ఆ ఆశను మళ్లీ రగిలించింది ఆమ్ ఆద్మీ పార్టీ. 2011 అవినీతి వ్యతిరేక ఉద్యమంలో మిస్డ్ కాల్స్‌తో, ఫేస్‌బుక్‌తో కూడిన జనమే 2012 నవంబరులో పార్టీ అయ్యారు. దాతల పేర్లను వెబ్‌సైట్‌లో పెట్టారు. 2013 డిసెంబరులో 28 స్థానాలు వస్తే, కాంగ్రెస్ మద్దతుతో ప్రభుత్వం ఏర్పరచాలా వద్దా అని ఢిల్లీ బస్తీల్లో సభలు పెట్టి, ఎస్సెమ్మెస్‌లు అడిగి తెలుసుకున్నారు. 2015 ఫిబ్రవరిలో 70కి 67 స్థానాలు గెలిచారు. ఆ గెలుపు వేడి చల్లారకముందే మార్చిలో అంతర్గత లోక్‌పాల్ అడ్మిరల్ రామదాస్‌ను తప్పించారు. ఏప్రిల్‌లో, ప్రశ్నలు అడిగిన యోగేంద్ర యాదవ్, ప్రశాంత్ భూషణ్‌లను బహిష్కరించారు. దాతల జాబితా వెబ్‌సైట్ నుంచి మాయమైంది. సారథికి రెండు వరస పదవీకాలాలే అన్న నియమాన్ని 2021లో తీసేశారు. 2025 ఫిబ్రవరిలో అదే ఢిల్లీలో ఆ పార్టీ 22 స్థానాలకు పడిపోయింది. ఓటమికి కారణాలు చాలా ఉంటాయి. అయితే, లోపల కాదనే గొంతు ఒక్కటీ మిగలని పార్టీకి తన తప్పు చెప్పేవాళ్లు దొరకరు.

తలుపులు తెరిస్తే గెలుపు ఖాయమని ఎవరూ అనడం లేదు. బ్రిటన్‌లో లేబర్ పార్టీ 2015లో మూడు పౌండ్లు కట్టినవారికీ నాయకత్వ ఎన్నికలో ఓటిచ్చింది. జెరెమీ కార్బిన్ 59.5 శాతం ఓట్లతో నెగ్గారు, సభ్యుల సంఖ్య 5 లక్షలు దాటింది. సొంత ఎంపీలు 172 మంది అవిశ్వాసం ప్రకటించినా సభ్యులు ఆయన్నే మళ్లీ ఎన్నుకున్నారు. 2017లో 30 స్థానాలు పెరిగాయి, 2019లో 1935 తర్వాత ఎన్నడూ లేనంతగా పార్టీ ఓడింది. మన దగ్గరా యువజన కాంగ్రెస్‌లో 2007 తర్వాత మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో, కె.జె.రావు వంటివారి పర్యవేక్షణలో ఎన్నికలు పెట్టిస్తే చాలాచోట్ల నాయకుల కొడుకులే గెలిచారు, గుంపులుగా సభ్యత్వాలు కొన్నారన్న ఆరోపణలూ వచ్చాయి. ఇది బరువైన అభ్యంతరమే. కానీ డబ్బు, కులం, దొంగ ఓటు అసెంబ్లీ ఎన్నికల్లోనూ ఉన్నాయి. అందుకని అసెంబ్లీని నామినేషన్ మీద నింపుదామని ఎవరైనా అంటారా? ఓటర్ల జాబితాను శుభ్రం చేయాలంటాం, పరిశీలకులను పెట్టమంటాం. పార్టీల విషయంలో మాత్రం ఎన్నికే వద్దనడం, రోగం ఉందని రోగినే వెలివేయడం.

చట్టం చేతులు కట్టుకు కూర్చుంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఏ సెక్షన్ కింద పార్టీని నమోదు చేసేటప్పుడు రాజ్యాంగానికి, ప్రజాస్వామ్యానికి కట్టుబడతామని రాయించుకుంటారు. ఆ మాట తప్పినందుకు నమోదు రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. 1999లో లా కమిషన్ 170వ నివేదిక, 2002లో జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ పార్టీల అంతర్గత ప్రజాస్వామ్యానికి ప్రత్యేక చట్టం కావాలన్నాయి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ చట్టం మాత్రం రాలేదు. ఈ ఒక్క విషయంలో అన్ని పక్షాలకూ ఏకాభిప్రాయం కుదిరింది. ఆరేళ్లుగా ఎన్నికల్లో పోటీ చేయలేదన్న కారణంతో 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 చిన్న పార్టీలను జాబితాలోంచి తీసేసింది. పోటీ చేయకపోవడం తప్పైతే, పార్టీ లోపల పోటీయే ఉండనివ్వకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. ప్రతి గుర్తింపు పొందిన పార్టీలో ఏ పదవికి ఎవరెవరు నామినేషన్ వేశారో, రహస్య బ్యాలట్ జరిగిందా లేదా, ఎన్ని ఓట్లు పడ్డాయో తెప్పించుకుని ప్రజల ముందు పెట్టడానికైతే కొత్త చట్టం అక్కర్లేదు. ఆ పని ఎన్నికల సంఘం వెంటనే మొదలుపెట్టాలి.

పార్టీలు చేయగలిగింది ఇంకా దగ్గర్లో ఉంది. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. ఒక మండలంలో పార్టీ సభ్యులెందరో, వారి పేర్లేమిటో, ఫోన్ నంబర్లేమిటో పార్టీ కార్యాలయంలో కంప్యూటర్ మీట నొక్కితే కనిపిస్తాయి. సభ్యత్వం ఇవ్వడానికి ఓటీపీ పంపగలిగిన పార్టీ, ఓటు వేయించడానికీ పంపగలదు. అలా కాదంటే మండల కేంద్రంలో ఒక ఆదివారం పెట్టె పెట్టి చీటీలు వేయించినా సరిపోతుంది. బీ-ఫారం ఆ లెక్కలో ముందున్నవారికే ఇవ్వాలి. అవతలి పార్టీ నుంచి వచ్చే ఎమ్మెల్యేకు కండువా కప్పేముందు ఆ నియోజకవర్గ సభ్యుల సమ్మతి అదే పద్ధతిలో తీసుకోవాలి. గ్రామ గ్రూపుల్లో అందరూ రాయడానికి వీలు కల్పించి, అక్కడ వచ్చిన ఫిర్యాదుకు మండల బాధ్యుడు నిర్ణీత గడువులో జవాబు చెప్పే ఏర్పాటు చేయాలి. వచ్చే మహానాడులో, ప్లీనరీలో, పీసీసీ సమావేశంలో అధ్యక్ష ఎన్నిక నోటిఫికేషన్ ఏ తేదీన ఇస్తారో, నామినేషన్ పత్రం ఏ కార్యాలయంలో, ఎవరికి దొరుకుతుందో, ఎందరు ప్రతిపాదిస్తే చెల్లుతుందో కోటి సభ్యత్వాల పార్టీతో సహా అన్ని పార్టీలూ ముందుగానే తమ సభ్యుల ఫోన్లకు పంపాలి.